పన్నుల ఆఫీసులో ఫైర్‌ఫాక్స్: లాగిన్ల వైపు నుంచి ఒక సమీక్ష

బ్రౌజర్ల మీద వచ్చే సమీక్షలు చాలావరకు వేగం దగ్గర మొదలై వేగం దగ్గరే ముగుస్తాయి. రాజమహేంద్రవరంలో చిన్న వ్యాపారులకు జీఎస్‌టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టే మాలాంటి ఆఫీసుకు ఆ కొలత అంతగా పనికిరాదు. మా దగ్గర పొద్దున్న తాళం తీసింది మొదలు రాత్రి దాకా జరిగేది ఒక ఖాతాలో లాగిన్ కావడం, పని ముగించి బయటికి రావడం, మరో ఖాతాదారు పేరుతో మళ్లీ లోపలికి వెళ్లడం. నెలలో పదకొండో తేదీన అమ్మకాల వివరాలు చెప్పే జీఎస్‌టీఆర్-1, ఇరవయ్యో తేదీన పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్‌టీఆర్-3బీ రిటర్నుల గడువులు ఉంటాయి. 3బీని మూడు నెలలకొకసారి వేసేవారికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది ఇరవై రెండో తేదీ. ఆ రోజుల్లో పేజీ అర సెకను ముందు తెరుచుకోవడం కన్నా లాగిన్ ఆగిపోకుండా ఉండడం, ఆగిపోతే ఎందుకు ఆగిందో వెంటనే తేలడం మాకు ముఖ్యం. అందుకే ఈ సమీక్షలో ఫైర్‌ఫాక్స్‌ను రెండు ప్రశ్నలతోనే చూస్తున్నాను. ఎక్కువ ఖాతాలను ఒకదానితో ఒకటి కలిసిపోకుండా నడపనిస్తుందా? లాగిన్ కుదరనప్పుడు తప్పు ఎక్కడుందో మనంతట మనం కనిపెట్టే వీలు ఇస్తుందా? ఈ రెండింటికీ నా జవాబు అవుననే. అయితే దాని పక్కన రెండో బ్రౌజర్ ఒకటి తప్పకుండా ఉండాలన్నది కూడా అంతే గట్టిగా చెబుతాను.

బజారులో బ్రౌజర్ల పేర్లు ఎన్ని ఉన్నా, లోపల ఉండి పేజీని చదివి తెర మీద చూపించే ఇంజిన్లు ప్రధానంగా మూడే. గూగుల్ 2008లో తెచ్చిన క్రోమ్, 2020 జనవరి నుంచి మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, ఇంకా బ్రేవ్, ఒపేరా, వివాల్డీ అన్నీ క్రోమియం అనే ఉమ్మడి కోడ్ మీద కట్టినవే. వాటి ఇంజిన్ పేరు బ్లింక్. ఆపిల్ సఫారీకి వెబ్‌కిట్ ఉంది. మొజిల్లా ఫౌండేషన్ 2004 నవంబరులో 1.0 సంచికగా విడుదల చేసిన ఫైర్‌ఫాక్స్‌ది గెకో. లాగిన్ సమస్యలతో రోజూ పెనుగులాడేవారికి ఈ విభజన తెలిసి ఉండడం అవసరం. క్రోమ్‌లో పని చేయని సైటును బ్రేవ్‌లో తెరిచి చూసి అక్కడా రాకపోతే ‘రెండు బ్రౌజర్లలోనూ చూశాం, సైటే పోయింది’ అని తేల్చేస్తుంటారు. నిజానికి వారు ఒకే ఇంజిన్‌ను రెండుసార్లు పరీక్షించారు. ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్‌ల జంట పెట్టుకుంటే ఆ పొరపాటుకు తావుండదు. విండోస్ 10, 11 కంప్యూటర్లలో ఎడ్జ్ ఎలాగూ ముందే ఉంటుంది కనుక ఫైర్‌ఫాక్స్ ఒక్కటి దించుకుంటే జంట పూర్తవుతుంది.

ఫైర్‌ఫాక్స్‌ను మా ఆఫీసులో మొదటి స్థానంలో నిలబెట్టింది మల్టీ-అకౌంట్ కంటెయినర్స్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము. మొజిల్లాయే తయారుచేసి 2017లో విడుదల చేసిన ఈ చేర్పు ఉచితంగా దొరుకుతుంది. ఇది చేసే పని అర్థం కావాలంటే లాగిన్ ఎలా నిలుస్తుందో కొంచెం చెప్పాలి. వెబ్ పేజీని పంపే సర్వరుకు సహజంగా జ్ఞాపకం ఉండదు. ఒక పేజీ అడిగినవారే మరుక్షణం రెండో పేజీ అడుగుతున్నారని దానికి తెలియదు. ఆ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీ కుకీ అనే పద్ధతిని రూపొందించారు. పాస్‌వర్డ్ సరైనదని తేలాక సర్వరు ఒక గుర్తు రాసి పంపుతుంది, బ్రౌజర్ దాన్ని దాచుకుని ఆ తర్వాత ప్రతి పేజీకీ చూపిస్తుంది. మామూలు బ్రౌజర్‌లో ఒక సైటుకు ఒకే కుకీల పెట్టె ఉంటుంది కనుక ఒక ట్యాబ్‌లో బియ్యం మిల్లు యజమాని ఖాతా తెరిచి, పక్క ట్యాబ్‌లో బట్టల కొట్టు ఖాతాతో లాగిన్ అయితే రెండో గుర్తు మొదటిదాన్ని చెరిపేస్తుంది. మొదటి ట్యాబ్‌కు తిరిగి వెళ్లి ఏదైనా నొక్కగానే సెషన్ ముగిసిందని వస్తుంది. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, కొన్ని సైట్లలో అది కూడా రాకుండా రెండో ఖాతా వివరాలే మొదటి ట్యాబ్‌లో తెరుచుకుంటాయి.

కంటెయినర్లు ఈ కుకీల పెట్టెను ఎన్ని కావాలంటే అన్ని ముక్కలు చేస్తాయి. ఒక్కో ఖాతాదారుకు ఒక్కో కంటెయినర్ పెట్టి, పేరు రాసి, రంగు ఎంచుకుంటాం. ఆ కంటెయినర్‌లో తెరిచిన ట్యాబ్ మీద ఆ రంగు గీత, అడ్రస్ పట్టీ చివర ఆ పేరు కనిపిస్తూ ఉంటాయి. బియ్యం మిల్లుది ఆకుపచ్చ గీత, బట్టల కొట్టుది నారింజ గీత. ఒకే కిటికీలో పక్కపక్కనే రెండు ఖాతాలూ తెరిచి ఉంటాయి, ఒకటి నెమ్మదించి తిరుగుతుండగా రెండోదానిలో పని సాగుతుంది. గడువు రోజున పోర్టళ్లు బరువెక్కి ఒక్కో పేజీకి నిరీక్షించవలసి వచ్చే వేళ ఈ సదుపాయం విలువ ఎంతో ఆ పని చేసేవారికి వేరే చెప్పనక్కర్లేదు. క్రోమ్, ఎడ్జ్‌లలో ప్రొఫైళ్లు ఉన్న మాట నిజమే. అవి పాస్‌వర్డ్‌లను, ఎక్స్‌టెన్షన్లను, చరిత్రను కూడా విడదీస్తాయి కనుక ఇంట్లో భార్యాభర్తలు ఒకే కంప్యూటర్ వాడుకునే చోట ప్రొఫైలే మెరుగైన పద్ధతి. కానీ ప్రతి ప్రొఫైల్‌కూ విడి కిటికీ తెరుచుకుంటుంది. ఖాతాదారుల సంఖ్య పెరిగే కొద్దీ టాస్క్‌బార్ నిండా కిటికీలే మిగిలి, ఏది ఎవరిదో వెతుక్కోవడమే పనవుతుంది.

కంటెయినర్లు వాడేవారు ఒక విషయంలో మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. అవి విడదీసేది కుకీలను, సైటు దాచుకునే ఇతర వివరాలను మాత్రమే. దాచిన పాస్‌వర్డ్‌లు అన్ని కంటెయినర్లకూ ఉమ్మడిగానే ఉంటాయి. యూజర్ ఐడీ గడిలో నొక్కగానే అందరి ఐడీలూ వరుసగా కిందికి దిగుతాయి, ఆకుపచ్చ ట్యాబ్‌లో నిలబడి నారింజవారి ఐడీని ఎంచుకోవడానికి ఏ అడ్డూ లేదు. అందుకే లాగిన్ అయ్యాక పేజీ పైభాగంలో కనిపించే వ్యాపార నామాన్ని చూసిన తర్వాతే ముందుకు కదలాలన్నది మా దగ్గర నియమం. మరో సంగతి, ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్ ఒకే పాన్ మీద రెండు చోట్ల లాగిన్‌ను ఒప్పుకోదు. ఖాతాదారు ఇంట్లో తన ఖాతా తెరిచి ఉండగా మనం ఆఫీసులో తెరిస్తే రెండో లాగిన్ కనిపించిందని హెచ్చరిక వస్తుంది, ఇక్కడే కొనసాగాలంటే అక్కడిది ముగుస్తుంది. ఆ లెక్క సర్వరు దగ్గర ఉంటుంది కనుక ఏ బ్రౌజరూ, ఏ కంటెయినరూ దాన్ని మార్చలేవు. ఒక్క ఫోను చేసి ‘మీరేమైనా తెరిచి పెట్టారాండీ?’ అని అడగడమే దానికి మార్గం.

ఇక లాగిన్ ఆగిపోయే సందర్భాలకు వస్తాను. అన్నిటికన్నా ముందు చెప్పవలసింది, రెండుసార్లు తప్పు వచ్చాక మూడోసారి అదే పాస్‌వర్డ్ కొట్టకూడదు. చాలా పోర్టళ్లు, దాదాపు అన్ని బ్యాంకులూ వరుస తప్పులకు ఖాతాను కొంతసేపు మూసివేస్తాయి. అప్పుడు అసలు కారణం దొరికినా లోపలికి వెళ్లలేం. రెండో తప్పు దగ్గర ఆగి, పాస్‌వర్డ్ గడిలో అసలేం పడుతోందో చూడాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఆ గడి మీద మౌస్ కుడి బటన్ నొక్కితే పాస్‌వర్డ్‌ను చూపించే ఎంపిక వస్తుంది. సైటు తనంతట కన్ను గుర్తు ఇవ్వకపోయినా ఇది పనిచేస్తుంది. తెలుగువారి కంప్యూటర్లలో ఈ ఒక్క చూపుతోనే తేలిపోయే కారణం ఒకటుంది. తెలుగులో అర్జీ టైపు చేసి, కీబోర్డును ఇంగ్లీషుకు మార్చకుండా నేరుగా లాగిన్ పేజీకి వస్తారు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక ఇంకా నడుస్తూనే ఉంటుంది. గడిలో చుక్కలే కనిపిస్తాయి కనుక అక్షరాలు తెలుగులో పడుతున్నాయని అనుమానం రాదు, సైటు మాత్రం పాస్‌వర్డ్ తప్పంటుంది. విండోస్ బటన్‌తో స్పేస్ బార్ నొక్కి భాష మార్చితే సరిపోయే దానికి పాస్‌వర్డ్ రీసెట్ దాకా వెళ్లినవారు నాకు తెలుసు. వాట్సాప్‌లో వచ్చిన పాస్‌వర్డ్‌ను కాపీ చేసి అతికించినప్పుడు చివర ఖాళీ జాగా ఒకటి తోడుగా రావడం కూడా ఇలాగే కంటికి ఆనదు.

పాస్‌వర్డ్ సరిగానే పడుతోందని తేలాక తర్వాతి పరీక్ష ప్రైవేట్ విండో. కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కితే ఫైర్‌ఫాక్స్‌లో అది తెరుచుకుంటుంది. అక్కడ పాత కుకీలు ఉండవు, మనం ప్రత్యేకంగా అనుమతించని ఎక్స్‌టెన్షన్లు నడవవు. అందులో లాగిన్ అయిందంటే ఖాతా, పాస్‌వర్డ్, సైటు, ఇంటర్నెట్ నాలుగూ బాగున్నట్టే. చెడింది మన బ్రౌజర్‌లో దాచిపెట్టిన సరుకు లేదా ఏదో ఒక ఎక్స్‌టెన్షన్. ఒక్క అడుగులో ఇంత తేల్చే పరీక్ష మరొకటి లేదు. ఇక్కడ చాలామందికి పట్టుబడని సూక్ష్మం ఒకటుంది. మామూలు అమరికలో ఫైర్‌ఫాక్స్ ప్రైవేట్ విండోలో మామూలు విండోకన్నా ఎక్కువగా, మనల్ని వెంటాడే స్క్రిప్టులను (పేజీలో దాగి నడిచే చిన్న కోడ్‌లను) అడ్డుకుంటుంది. కాబట్టి మామూలు విండోలో వచ్చే లాగిన్ ప్రైవేట్ విండోలో రాకపోతే ఆశ్చర్యపడనక్కర్లేదు, ఆ సైటు తన లాగిన్‌ను అడ్డుకోదగిన ఏదో స్క్రిప్టుకు ముడిపెట్టిందని అర్థం.

ప్రైవేట్ విండోలో పనిచేసి మామూలు విండోలో ఆగిపోయే సైటుకు మందు ఆ ఒక్క సైటు కుకీలను తుడవడం. అడ్రస్ పట్టీలో సైటు పేరుకు ముందుండే తాళం గుర్తును నొక్కితే వచ్చే చిన్న పట్టికలోనే కుకీలను, సైటు వివరాలను తీసివేసే ఎంపిక ఉంది. లాగిన్ అనగానే ‘చరిత్ర మొత్తం తుడిచేయండి’ అని సలహా ఇచ్చేవారు చాలామంది. ఒక సైటు కోసం మిగిలిన అన్ని సైట్ల నుంచీ బయటపడి, ప్రతిదానికీ మళ్లీ ఓటీపీలు తెచ్చుకునే పని దేనికి? పేజీ తనలో తానే తిరుగుతూ సరిగా దారి మళ్లడం లేదని చూపించే తప్పుకూ, కుకీ మరీ పెద్దదైందంటూ 400 సంఖ్యతో వచ్చే తప్పుకూ ఈ చిన్న తుడుపే చాలావరకు సరిపోతుంది. అలాగే లాగిన్ పేజీని బుక్‌మార్క్ చేసుకోకూడదు. కొన్ని సైట్లు ఆ చిరునామాలోనే అప్పటి సెషన్ సంఖ్యను ఇరికిస్తాయి, మరునాడు ఆ బుక్‌మార్క్ చచ్చిన సెషన్‌లోకి తీసుకెళ్తుంది. సైటు మొదటి పేజీని బుక్‌మార్క్ చేసుకుని అక్కడి నుంచి లాగిన్ బటన్ నొక్కడం మేలు. చాలాసేపు తెరిచి ఉంచిన లాగిన్ పేజీలో క్యాప్చా ఎంత జాగ్రత్తగా కొట్టినా తప్పనే చెప్పడానికి కూడా కారణం ఇలాంటిదే. పేజీని ఒకసారి రిఫ్రెష్ చేసి కొత్త క్యాప్చాతో మొదలుపెట్టాలి.

కుకీలు తుడిచినా మారకపోతే అనుమానం ఎక్స్‌టెన్షన్ల మీదికి వెళ్తుంది. ఒక్కొక్కటే ఆపి చూడనవసరం లేదు. సహాయం మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది, అది అన్నిటినీ తాత్కాలికంగా పక్కనపెట్టి బ్రౌజర్‌ను తిరిగి తెరుస్తుంది. అక్కడ లాగిన్ అయితే దోషి ఎక్స్‌టెన్షన్లలోనే ఉన్నట్టు. ఇంకా పాతుకుపోయిన సమస్యలకు రిఫ్రెష్ అనే సదుపాయం ఉంది. బుక్‌మార్క్‌లను, పాస్‌వర్డ్‌లను ఉంచి, ఎక్స్‌టెన్షన్లను, మార్చిన అమరికలను తీసివేసి ఫైర్‌ఫాక్స్‌ను కొత్తదానిలా చేస్తుంది. ఈ ఏర్పాట్లన్నీ దాచిపెట్టకుండా మెనూలోనే అందుబాటులో ఉంచడం నేను ఈ బ్రౌజర్‌కు వేసే పెద్ద మార్కు.

ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ వల్లే వచ్చే లాగిన్ సమస్య గురించి చెప్పకపోతే సమీక్ష న్యాయంగా ఉండదు. 2022 జూన్ నుంచి ఫైర్‌ఫాక్స్ టోటల్ కుకీ ప్రొటెక్షన్ అనే రక్షణను అందరికీ ముందే ఆన్‌లో ఉండే అమరికగా చేసింది. ఒక సైటు మీద ఉండగా మరో సైటు వేసే కుకీని ఆ మొదటి సైటు పెట్టెలోనే బంధించి ఉంచుతుంది కనుక ప్రకటనల సంస్థలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మనల్ని వెంబడించలేవు. గూగుల్ అయితే ఇలాంటి మూడో పక్షం కుకీలను క్రోమ్ నుంచి తీసేస్తామని 2020లో ప్రకటించి, వాయిదాలు వేస్తూ వచ్చి, 2024 జూలైలో ఆ ఆలోచనను వదులుకుంది. ఈ విషయంలో నా మనసు మొజిల్లా పక్షానే ఉంది. కానీ చెల్లింపు ఒక సంస్థ సైటులో, గుర్తింపు మరో సంస్థ సైటులో జరిగి రెండూ పేజీలో ఇమిడిన చిన్న చట్రాల ద్వారా మాట్లాడుకునే చోట్ల ఈ గోడ లాగిన్‌ను కూడా ఆపగలదు. పాస్‌వర్డ్ సరైనదే, ఓటీపీ సరైనదే, అయినా చక్రం తిరిగి తిరిగి మళ్లీ లాగిన్ పేజీయే వస్తుంది. అప్పుడు అడ్రస్ పట్టీ ఎడమ వైపునుండే డాలు గుర్తును నొక్కి ఆ ఒక్క సైటుకు రక్షణను ఆపవచ్చు. మిగిలిన సైట్లకు అది యథాతథంగా ఉంటుంది. రక్షణ స్థాయిని స్ట్రిక్ట్‌కు పెంచుకున్నవారికి ఈ ఇబ్బంది ఎక్కువ. ఆఫీసు కంప్యూటర్లో స్టాండర్డ్ దగ్గరే ఉంచమని నా సలహా. ఇంకో అమరికనూ చూసుకోవాలి. బ్రౌజర్ మూసినప్పుడల్లా కుకీలు తుడవమని పెట్టుకుని, ‘రోజూ కొత్తగా లాగిన్ అడుగుతోంది’ అని బాధపడేవారు తక్కువేమీ కాదు.

సైటు సురక్షితం కాదంటూ పేజీయే తెరుచుకోనివ్వని హెచ్చరిక మరో రకం. అన్ని సైట్లకూ ఒకేసారి అలా వస్తే సైట్లను అనుమానించే ముందు టాస్క్‌బార్ కుడి మూలనున్న తేదీని చూడాలి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది నాణెం ఆకారపు సీఆర్ 2032 బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సైటు చూపే డిజిటల్ సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని చెల్లుబాటు ఉంటుంది కనుక, కంప్యూటర్ దృష్టిలో అది ఇంకా పుట్టనే లేదు. ఫైర్‌ఫాక్స్ చాలా సందర్భాల్లో దీన్ని గుర్తించి మీ గడియారం తప్పుగా ఉందని నేరుగా చెబుతుంది. తక్కువ ఖర్చు బ్యాటరీ మార్చితే పోయేదానికి విండోస్ మళ్లీ వేయించుకోనక్కర్లేదు. గడియారం సంగతి ఫోనుకూ వర్తిస్తుంది. సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు, ఈ-ఇన్వాయిస్ పోర్టళ్లలో పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అడిగే రెండంచెల లాగిన్ దశలవారీగా తప్పనిసరి అయి, 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ అమలులోకి వచ్చింది. ఎస్సెమ్మెస్ మీద ఆధారపడకుండా ఎన్ఐసీ-జీఎస్‌టీ-షీల్డ్ యాప్ వాడితే ప్రతి 30 సెకన్లకూ మారే సంఖ్య ఫోనులోనే పుడుతుంది, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఆ సంఖ్య సమయం నుంచే తయారవుతుంది కాబట్టి ఫోను గడియారం కొద్దిగా తేడాగా ఉన్నా పోర్టల్ దాన్ని తిరస్కరిస్తుంది. ఫోనులో తేదీ, సమయాలను ఆటోమేటిక్‌కు మార్చడమే దీనికి చికిత్స, బ్రౌజర్‌తో దీనికి సంబంధం లేదు.

పాస్‌వర్డ్‌లు దాచుకునే విషయంలో ఫైర్‌ఫాక్స్ మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది, కానీ ఒక షరతుతో. దాచిన వాటన్నిటికీ కలిపి ప్రైమరీ పాస్‌వర్డ్ అనే ఉమ్మడి తాళం పెట్టుకునే సదుపాయం ఉంది. అది మొదట్లో ఆన్‌లో ఉండదు. నలుగురు కూర్చునే ఆఫీసులో దాన్ని పెట్టకుండా ఖాతాదారుల పాస్‌వర్డ్‌లు దాచడం తగదు. వారు మన మీద నమ్మకంతో ఇచ్చినవి కనుక ఈ మాటను నొక్కి చెబుతున్నాను. పోర్టల్ పాస్‌వర్డ్ మార్చమన్నప్పుడు కొత్తదాన్ని బ్రౌజర్‌లోనూ అప్‌డేట్ చేయమని అడిగే చిన్న పెట్టెను చూడకుండా మూసేస్తే పాతది అలాగే ఉండిపోయి, ప్రతిసారీ తనంతట తాను తప్పు పాస్‌వర్డ్‌ను నింపుతుంది. అలాంటప్పుడు పాస్‌వర్డ్‌ల పేజీ తెరిచి ఆ పాత నమోదును సరిచేయాలి. ఎప్పుడూ నింపే బ్రౌజర్ ఒకరోజు అకస్మాత్తుగా ఏమీ నింపకపోతే మాత్రం ఆగి అడ్రస్ పట్టీని అక్షరం అక్షరం చదవాలి. చిరునామా సరిపోలకపోతే అది పాస్‌వర్డ్ ఇవ్వదు, నకిలీ సైటులో ఉన్నామేమో అనడానికి అది మొదటి సూచన. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఖాతాదారు ముందే రాసి పెట్టుకున్న వ్యక్తిగత సందేశం పాస్‌వర్డ్ అడిగే చోట కనిపించడం కూడా ఇందుకే; దాన్ని చదవకుండా టిక్కు పెట్టి ముందుకు పోవడం మంచి అలవాటు కాదు.

డిజిటల్ సిగ్నేచర్ విషయానికి వస్తే, ఇక్కడ ఎడ్జ్‌కో క్రోమ్‌కో మొగ్గుతాను. సంతకపు సర్టిఫికెట్ ఉండే యూఎస్‌బీ టోకెన్‌తో కంప్యూటర్ మీదే సంతకం చేయడానికి జీఎస్‌టీకి ఎమ్‌సైనర్, ఆదాయపు పన్నుకు ఎంబ్రిడ్జ్ వంటి చిన్న ప్రోగ్రాములు మన కంప్యూటర్లోనే నడుస్తూ బ్రౌజర్‌తో మాట్లాడతాయి. అవి తమ సర్టిఫికెట్‌ను విండోస్ నమ్మే సర్టిఫికెట్ల పెట్టెలో పెడతాయి, ఎడ్జ్, క్రోమ్ ఆ పెట్టెను సహజంగానే నమ్ముతాయి. ఫైర్‌ఫాక్స్‌కు మొదటి నుంచీ తనదైన సర్టిఫికెట్ల జాబితా ఉంది. 2023 నవంబరులో వచ్చిన 120వ సంచిక నుంచి విండోస్‌లో మనం చేర్చిన వాటినీ స్వీకరిస్తోంది గానీ, గడువు రోజు సాయంత్రం సంతకం పెట్టవలసినప్పుడు ఆ ప్రయోగం చేయడం కన్నా నేరుగా ఎడ్జ్ తెరవడమే సుఖం.

ఫైర్‌ఫాక్స్‌కున్న పెద్ద బలహీనత దాని లోపల లేదు, బయట ఉంది. వాడేవారు క్రోమ్‌తో పోలిస్తే చాలా తక్కువ కనుక చాలామంది సైటు తయారీదారులు దానిలో పరీక్షించడమే మానేశారు. ఒకప్పుడు మన ప్రభుత్వ సైట్ల కింద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే బాగా కనిపిస్తుందని రాసి ఉండేది. ఆ బ్రౌజర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమింపజేశాక, దానిని నమ్ముకున్న సైట్లు ఎడ్జ్‌లో పాత ఎక్స్‌ప్లోరర్‌లా నడిచే ఐఈ మోడ్ ఆసరాతో బతుకుతున్నాయి. ఇప్పుడు క్రోమ్ ఒక్కదానికే సైట్లు కట్టడం అదే దారి. కొన్ని సైట్లు బ్రౌజర్ పేరు చూసి వెనక్కి పంపుతాయే తప్ప లోపల పని చేయని భాగం ఏదీ ఉండదు. ఇలాంటివి ఎదురైతే మెనూలో సైటు చెడిందని తెలియజేసే ఎంపిక ఉంది, దాన్ని వాడమని కోరుతున్నాను. మొజిల్లా ఇలాంటి సైట్లకు తమవైపు నుంచి సర్దుబాట్లు రాసి బ్రౌజర్‌లోనే చేరుస్తుంది.

మొజిల్లాను నమ్మవచ్చా అన్న ప్రశ్ననూ దాటవేయలేను. దాని ఆదాయంలో అత్యధిక భాగం గూగుల్‌ను ముందే అమర్చిన సెర్చ్‌గా ఉంచినందుకు గూగుల్ ఇచ్చేదే. 2025 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్‌కు కొత్త వినియోగ షరతులు తెచ్చినప్పుడు, మనం టైపు చేసే సమాచారం మీద విస్తారమైన హక్కు అడుగుతున్నట్టున్న వాక్యం మీద పెద్ద విమర్శ వచ్చింది. కొద్ది రోజుల్లోనే దాన్ని మార్చి రాశారు, అయితే మీ సమాచారాన్ని ఎన్నటికీ అమ్మం అన్న పాత హామీ మాత్రం ఆ రూపంలో తిరిగి రాలేదు. ఇది నాకు నచ్చలేదు. అయినా కోడ్ అందరూ చదవగలిగేలా తెరిచి ఉండడం, ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ వంటి ఎక్స్‌టెన్షన్లు క్రోమ్‌లో కొత్త నిబంధనల వల్ల పనిచేయకుండా పోయినా ఇక్కడ పూర్తి శక్తితో నడుస్తుండడం, మెనూలు సైతం తెలుగులో పెట్టుకోగలగడం తక్కెడలో ఇటువైపు ఎక్కువ బరువు తూగుతున్నాయి.

పాత కంప్యూటర్ ఉన్నవారికి ఒక మాట. విండోస్ 7, 8లకు క్రోమ్ 109వ సంచిక దగ్గర, 2023 ఆరంభంలోనే ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్ 115 దీర్ఘకాల సంచిక ఆ యంత్రాలకు ఆ తర్వాత కూడా భద్రతా సవరణలు అందుకుంటూ వచ్చింది. దాన్ని కొత్త కంప్యూటర్ కొనేదాకా గడుపుకోవడానికి వాడుకోవచ్చు గానీ, బ్యాంకు లాగిన్లకు అలాంటి యంత్రాన్ని నమ్ముకోవద్దు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి పోర్టళ్లు తెరవలేకపోతున్న ఖాతాదారులు బ్రౌజర్‌ను మారుస్తూ కాలం వృథా చేసుకోనక్కర్లేదు. కొన్ని ప్రభుత్వ సైట్లు విదేశీ ఇంటర్నెట్ చిరునామాల నుంచి వచ్చే సందర్శనను బయటే ఆపుతాయి, అప్పుడు పేజీ అసలు తెరుచుకోదు, లాగిన్ తప్పు అని రాదు. అలాగే ఇక్కడ ఉండి, వేరే దేశం నుంచి వస్తున్నట్టు చూపించగల వీపీఎన్‌ను ఆన్‌లో మరచిపోయినవారి పరిస్థితీ అదే. ఐఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నా మన దేశంలో లోపల నడిచేది సఫారీ ఇంజినే కనుక, సఫారీలో ఆగిన లాగిన్‌కు దాన్ని రెండో పరీక్షగా లెక్కించకూడదు. ఆండ్రాయిడ్‌లో మాత్రం గెకోయే నడుస్తుంది, 2023 డిసెంబరు నుంచి ఎక్స్‌టెన్షన్లు కూడా విరివిగా దొరుకుతున్నాయి. ఆఫీసు వైఫై మీద అనుమానం వచ్చినప్పుడు అదే సైటును ఫోను డేటా మీద ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి చూస్తే, తప్పు కంప్యూటర్లో ఉందో, లైనులో ఉందో, సైటులోనే ఉందో అక్కడికక్కడే తెలుస్తుంది.